ఉప్పు ఎండదు: బీచ్ నుంచి వచ్చిన కారు సంగతి

ఋషికొండకో భీమిలికో వెళ్లొచ్చిన కారును మర్నాడు ఉదయం చూస్తే అద్దం మీద సన్నటి తెల్లని పొర కనబడుతుంది. చాలామంది దాన్ని దుమ్మనుకుని పొడిగుడ్డతో తుడిచేస్తారు. అది ఉప్పు. అందులో చిక్కుకున్న ఇసుక ఆ గుడ్డతోపాటే కారంతా తిరిగి పెయింటును గీస్తుంది.

కారు నీళ్లలోకి దిగలేదు కదా, ఉప్పెలా వచ్చింది? అల విరిగినప్పుడు నురుగులో లెక్కలేనన్ని గాలిబుడగలు పుడతాయి. ఒక్కో బుడగ చిట్లేటప్పుడు కంటికి కనబడనంత చిన్న తుంపరలను పైకి చిమ్ముతుంది. వాటిలో నీరు కొంత గాలిలోనే ఆవిరైపోతుంది, మిగిలిన చిక్కటి ఉప్పునీటి చుక్కలు గాలివాటున ఒడ్డుకు చేరతాయి. పెద్ద చుక్కలు మొదటి కొన్ని వందల మీటర్లలోనే రాలిపోతాయి. కాబట్టి కారును సముద్రం ఎదురుగా రోడ్డు పక్కనే పెట్టామా, నాలుగు వీధులు లోపల పెట్టామా అన్నదాన్ని బట్టి పేరుకునే ఉప్పు బాగా మారిపోతుంది.

సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఇది గాలిలోని నీటిని పీల్చుకుని తనంతట తానే ద్రవమైపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లేది ఇందుకే. సముద్రపు ఉప్పులో దీనితోపాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది ఇంకా మొండిది, తేమ 33 శాతం ఉన్నా చాలు, నీటిని లాక్కుంటుంది. మన కోస్తాలో తేమ అంత తక్కువకు పడిపోయే రోజులు అరుదు. అంటే కారుకు అంటిన సముద్రపు ఉప్పు పైకి ఎండినట్టు కనిపించినా లోలోపల తడిగానే ఉంటుంది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. బీచ్ నుంచి వచ్చి వారమైనా, రేకు మీద పలుచని ఉప్పునీటి పొర రాత్రీ పగలూ పని చేస్తూనే ఉంటుంది.

ఆ పని పేరు తుప్పు. తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. రేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, పక్కనే ఇంకోచోట ఆక్సిజన్, నీరు కలిసి ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. ఈ రెండు చోట్ల మధ్యా అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, నడవడానికి దారి కావాలి. మంచినీరు ఇరుకు దారి, ఉప్పునీరు వెడల్పాటి రహదారి. పైగా ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు లోహం మీద ఉండే సన్నని రక్షణ పొరను చీలుస్తాయి. వాటితో అసలు చిక్కేమిటంటే, ఈ చర్యలో అవి ఖర్చయిపోవు. ఒకచోట పని ముగించి తుప్పు కిందే ఉండిపోతాయి, తడి తగలగానే మళ్లీ మొదలుపెడతాయి. పుట్టిన తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును లోపలినుంచి బుడిపెలుగా లేపుతుంది.

పైకప్పును వాన కడుగుతుంది. మడ్‌గార్డ్ లోపలి అంచును, డోర్ల కింది పట్టీని, సైలెన్సర్ కొక్కేలను వాన తాకదు. అందుకే తీర ప్రాంతాల్లో నేరుగా వాన పడే రేకుకన్నా చాటున ఉన్న రేకే చాలాసార్లు ముందు పాడవుతుంది. దీనికి తడి ఇసుక తోడైతే మరీ కష్టం. చక్రం ఎగజిమ్మిన ఇసుక ఆ అంచుల్లో ముద్దగా కూర్చుని తేమను పట్టి ఉంచుతుంది. ముద్ద కింద ఆక్సిజన్ తక్కువ, చుట్టూ ఎక్కువ. ఈ తేడా వల్ల ముద్ద కిందున్న ఇనుమే ముందు కరుగుతుంది.

కాబట్టి కడగడం కిందనుంచి మొదలవ్వాలి, అదీ వచ్చిన రోజే. దీనికి ప్రత్యేకమైన మందులేమీ అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల మామూలు నీరు దాదాపు 36 గ్రాముల ఉప్పును కరిగించుకోగలదు. వేడినీళ్లయినా పెద్ద తేడా రాదు, మరిగే నీటిలో కూడా అది 39 గ్రాములే. కావలసిందల్లా నీటి ధార ప్రతి మూలకూ చేరడం. నాలుగు చక్రాల గూళ్లు, వాటి లోపలి అంచులు, బంపర్ల వెనక, డోర్ల కింద పైపు పెట్టి బాగా పారనివ్వాలి. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే, పైన షాంపూ నురుగు ఎంత వచ్చిందని కాదు, కారును పైకెత్తి కింద కడిగారా లేదా అన్నది చూడండి.

తీరప్రాంతం వాళ్లు ఇంకొకటి గమనించాలి. సముద్రానికి దగ్గరున్న చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే మళ్లీ ఉప్పు పూసినట్టే. చివరి రెండు మూడు బకెట్లయినా కుళాయి నీళ్లు పోయండి.

ఇక ఇసుక. బీచ్ ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, కిటికీ అద్దం కాఠిన్యం దాదాపు 5.5. కారు పైపూత అద్దం కన్నా చాలా మెత్తన. విశాఖ, భీమిలి తీరాల్లో తూర్పు కనుమల ఖోండలైట్ శిలలు అరిగి వచ్చిన గార్నెట్ అనే ఖనిజం కూడా కలుస్తుంది. ఎర్రని ఆ రేణువులు క్వార్ట్జ్‌కు ఏమాత్రం తీసిపోవు. కారు మీది మొత్తం పెయింటు మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ, అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ సగంకన్నా తక్కువ. ఈ లెక్క తెలిశాక ఇసుక పడిన కారు మీద పొడిగుడ్డ వేయబుద్ధి కాదు. ముందు నీటి ధారతో ఇసుకను జార్చాలి, ఆ తర్వాతే షాంపూ, స్పాంజి. వైపర్లు వేసే ముందు అద్దం మీద ధారాళంగా నీళ్లు పోయాలి. డోర్ బీడింగుల్లో ఇసుక పోయేదాకా కిటికీ అద్దాలు దించొద్దు.

లోపల మాత్రం పద్ధతి తిరగబడుతుంది. తడి ఇసుక రేణువుల మధ్య నీరు సన్నని వంతెనల్లా నిలిచి, తలతన్యతతో వాటిని ఒకదానికొకటి, కార్పెట్‌కూ అతికిస్తుంది. అది ఆరాక ఇసుక తనే వదిలేస్తుంది. అందుకని మ్యాట్లు తీసి ఎండలో వేసి, లోపల పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు వాక్యూమ్ పెట్టాలి. కాళ్లకు టాల్కం పౌడర్ రాసుకుంటే ఇసుక రాలిపోవడమూ ఇందుకే, పౌడర్ ఆ తడిని పీల్చేస్తుంది. ఇసుక పోయినా కార్పెట్‌లో ఉప్పు మిగులుతుంది. తడి బట్టలతో సీట్లలో కూర్చుని ఉంటే అక్కడా ఉంటుంది. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు అద్ది, డోర్లు తెరిచి ఆరబెట్టాలి. లేకపోతే ఫ్లోర్ రేకు లోపలి వైపు నుంచి తినడం మొదలవుతుంది.

కడిగాక ఒక చిన్న చుట్టు తిప్పి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నాలుగైదుసార్లు బ్రేకు నొక్కండి. పోత ఇనుము డిస్కుల మీది తడి ఆ వేడికి ఆరిపోతుంది. మర్నాడు వాటి మీద పల్చని ఎర్రదనం కనిపించినా టెన్షన్ పడక్కర్లేదు, రెండు బ్రేకులకు అది పోతుంది.

అండర్ బాడీ కోటింగ్, అంటే కారు అడుగు రేకుకు కొట్టించే రక్షణ పూత, మంచిదే, కానీ ఎప్పుడు వేయిస్తున్నామన్నది చూసుకోవాలి. ఉప్పు కడగకుండా, పాత తుప్పు గీకకుండా దాని మీద కోటింగ్ కొడితే క్లోరైడ్ లోపలే చిక్కుకుంటుంది. పూతలోంచి నెమ్మదిగా దిగే తేమను అది లాక్కుంటుంది, రేకు కనబడకుండా చిల్లు పడుతుంది. డోర్ల అడుగున నీరు పోవడానికి కంపెనీ వాళ్లు వదిలిన చిన్న రంధ్రాలుంటాయి. కోటింగ్ కొట్టేవాళ్లు తొందరలో వాటిని మూసేస్తే, లోపలికి దిగిన ఉప్పునీరు బయటికి పోయే దారే ఉండదు. బండి తీసుకునేటప్పుడు వంగి అవి తెరిచే ఉన్నాయో లేదో చూసుకోండి.