మబ్బు లేని రాత్రే అసలు పరీక్ష: విమాన నావిగేషన్ పరిశోధనపై అపోహలు, వాస్తవాలు

అపోహ: ఫోనులో జీపీఎస్ దారి చూపుతూనే ఉంది, ఇంకా పరిశోధించడానికి ఏముంది?

వాస్తవం: ఫోను పది మీటర్లు తప్పితే పక్క సందులోకి వెళ్లి వెనక్కి వస్తాం. మబ్బుల్లోంచి దిగుతున్న విమానానికి ఆ వెసులుబాటు లేదు. లెక్క తప్పినప్పుడు, దాన్ని నమ్మవద్దని వ్యవస్థే పైలట్‌ను సెకన్లలో హెచ్చరించాలి. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్‌కు (జీపీఎస్ లెక్కలోని తప్పులను ఉపగ్రహాల ద్వారా సరిదిద్దే వ్యవస్థకు) ప్రాణం ఆ హెచ్చరికే.

అపోహ: గగన్ బదులు అమెరికాలోని ఇలాంటి వ్యవస్థనే తెచ్చుకుంటే సరిపోయేది.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది ఈ మాట మీదే. సుమారు 20,200 కి.మీ. ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం అయనావరణాన్ని, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుండే పై వాతావరణ పొరను, దాటాలి. అక్కడి ఎలక్ట్రాన్లు కలిగించే ఆలస్యం వల్ల దూరం లెక్కలో మీటర్లు, ఒక్కోసారి పదుల మీటర్ల దోషం వస్తుంది. అయస్కాంత మధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రానికి భూమధ్యరేఖ లాంటిది) మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగటిపూట అక్కడ పైకి లేచిన ఎలక్ట్రాన్లు ఉత్తర దక్షిణాలకు జారి పోగవుతాయి. హైదరాబాద్ ఉన్నది ఆ మధ్యరేఖకూ ఉత్తరపు పోగుకూ నడుమ. కొన్ని వందల కి.మీ.లలోనే ఆలస్యం బాగా మారిపోతుంది. అయనావరణాన్ని ఒకే పలుచని పొరగా ఊహిస్తే అమెరికాలో లెక్క కుదిరింది, ఇక్కడ కుదరదు. అందుకే గగన్ కోసం ఇస్రో పలు పొరల నమూనాను సొంతంగా తయారు చేసుకుంది.

అపోహ: వాన, మబ్బులు సంకేతాన్ని పాడు చేస్తాయి.

వాస్తవం: ఈ పౌనఃపున్యాల మీద వాన ప్రభావం బహు స్వల్పం. మాలాంటి పరిశోధకులకు నిద్ర పట్టనివ్వనిది నక్షత్రాలు స్పష్టంగా కనిపించే రాత్రి, ముఖ్యంగా సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో, మార్చి, సెప్టెంబరు రోజుల్లో. పొద్దు గుంకాక అయనావరణంలో ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగలు లేస్తాయి. పైకప్పు మీది యాంటెన్నా అందుకునే సంకేత బలం సాయంత్రం దాకా తిన్నటి గీతలా ఉంటుంది. రాత్రి 8 దాటాక అదే గీత తెరమీద రంపపు పళ్లలా లేచి పడుతుంది. కొన్ని క్షణాలు రిసీవర్ ఆ ఉపగ్రహాన్ని పూర్తిగా వదిలేస్తుంది. ఇలాంటి రాత్రులను ఏళ్ల తరబడి నమోదు చేసే ఓపిక విశ్వవిద్యాలయాలకే ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నెర్టు వంటి నావిగేషన్ పరిశోధన కేంద్రాల విలువ అక్కడే తెలుస్తుంది.

అపోహ: ఇక రన్‌వే పక్కన ఐఎల్ఎస్ పరికరాలు (దిగే విమానానికి రేడియో సంకేతాలతో దారి చూపేవి) అక్కర్లేదు.

వాస్తవం: దట్టమైన పొగమంచులో దిగాలంటే కావాలి. గగన్ మేలు వాటిని పెట్టుకోలేని చిన్న విమానాశ్రయాలకు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతోనే దిగింది.

అపోహ: ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివినవారికే ఈ రంగం.

వాస్తవం: కాదు. ఈసీఈ, భౌతికశాస్త్రం, గణితం చదివినవారూ రావచ్చు. ముందుగా సిగ్నల్ ప్రాసెసింగ్, సంభావ్యత గట్టిగా నేర్చుకుని రండి.