హజీరాలో దించని పెట్టె: ఎక్స్‌ప్రెస్ పెర్ల్ పేచీ ఎక్కడ మొదలైంది?

100 కోట్ల డాలర్లు కట్టాలంది శ్రీలంక సుప్రీంకోర్టు. కట్టేది లేదంది నౌకను నడిపిన ఎక్స్‌ప్రెస్ ఫీడర్స్ సంస్థ. 2025 జులై 24 నాటి తీర్పుతో నాలుగేళ్ల కిందటి ప్రమాదం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. కొలంబో ఎదుట తగలబడిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక, తీరం మీద మంచులా పేరుకున్న ప్లాస్టిక్ గుళికలు అందరికీ గుర్తున్నవే. ఇప్పుడు డబ్బు దగ్గర తెగని ముడి మాత్రం అంతకు ముందరి తొమ్మిది రోజుల్లో పడింది.

2021 మే 10న నౌక దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు నుంచి బయల్దేరింది. అప్పటికి సేవలోకి వచ్చి మూడు నెలలే అయిన కొత్త ఓడ. ఆ ప్రయాణంలో మొత్తం 1,486 కంటైనర్లు మోసింది. వాటిలో 81 ప్రమాదకర సరుకువి. నైట్రిక్ యాసిడ్ 25 టన్నులు ఉంది. మర్నాడే ఒక యాసిడ్ కంటైనర్ కారుతున్నట్టు సిబ్బంది గమనించారు.

నైట్రిక్ యాసిడ్ కారడం నూనె కారడం లాంటిది కాదు. ఇనుమును తింటుంది. చెక్క, గుడ్డ, రంపపు పొట్టు వంటివి తగిలితే వేడెక్కి మంట పుట్టించగలదు. అందుకే ఒలికిన చోట పొట్టు చల్లి తుడవడం పెద్ద తప్పు. ఎర్రటి గోధుమ రంగు పొగ వస్తే అది ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. సముద్రం మీద సిబ్బంది చేయగలిగింది కొద్దే: రక్షణ దుస్తులు, గాలి సిలిండర్లు తొడుక్కుని దూరం నుంచి పుష్కలంగా నీళ్లు కొట్టి కడగడం. లోపల కారుతున్న డబ్బాను వాళ్లు మార్చలేరు, పెట్టెను దించలేరు.

ఆ పని రేవులోనే జరగాలి. ముందు పైనున్న పెట్టెలను ఒక్కొక్కటిగా తీయాలి. యాసిడ్ తిన్న అడుగుభాగం ఎత్తేటప్పుడు ఊడిపోవచ్చు కాబట్టి క్రేన్ పట్టే మూలలను, నేలపట్టీని ముందే చూసుకోవాలి. కిందికి దించాక జనానికి దూరంగా, కారింది బయటికి పోకుండా గట్టు కట్టిన చోట నిలపాలి. సోడా యాష్ గానీ సున్నం గానీ కొంచెం కొంచెంగా చల్లి యాసిడ్‌ను విరగ్గొట్టాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే వేడికి చిమ్ముతుంది. కష్టమైన పనే, కానీ తెలిసిన పని.

ఖతార్‌లోని హమద్ రేవులో, తర్వాత మన గుజరాత్‌లోని హజీరాలో ఆ పెట్టెను దించుకోమని అడిగామని, తగిన వసతులూ నిపుణులూ లేరని రెండు చోట్లా కాదన్నారని సంస్థ చెబుతోంది. 2002లో దెబ్బతిన్న ప్రెస్టీజ్ అనే చమురు ట్యాంకర్‌ను స్పెయిన్ తీరానికి రానివ్వక నడిసంద్రంలోకి పంపితే అది రెండు ముక్కలైంది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆపదలో ఉన్న నౌకలకు ఆశ్రయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే. ఫలానా నౌకను రానివ్వాల్సిందేనని ఏ రేవునూ కట్టడి చేయవు. హజీరా పెట్టెను దించుకుని ఉంటే కొలంబోలో మంటలే ఉండేవి కావన్నది గట్టి వాదనే.

అయితే ఆ వాదన హజీరా దాకానే పనికొస్తుంది. అక్కడ కాదన్నాక కారుతున్న పెట్టెతోనే నౌక కొలంబో వైపు సాగింది. ప్రమాదకర సరుకు సముద్రంలో పడే ముప్పుంటే దగ్గరి తీరదేశానికి వెంటనే, పూర్తిగా తెలపడం మాస్టర్ (నౌక కెప్టెన్) బాధ్యత. నౌకల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నదే ఇది. మే 19న నౌక కొలంబో రేవుకు 9.5 నాటికల్ మైళ్ల దూరంలో లంగరేసింది. 20న పొగ, 25న పేలుడు. సిబ్బంది 25 మందినీ దించేశారు. జూన్ 2న లోతు నీటికి లాగబోతే వెనుక భాగం 21 మీటర్ల లోతులో నేలకు తగిలి ఆగిపోయింది. యాసిడ్ లీకు సంగతి శ్రీలంక అధికారులకు సకాలంలో చెప్పలేదని సుప్రీంకోర్టు తేల్చింది. సకాలంలో కదలనందుకు శ్రీలంక యంత్రాంగాన్నీ తప్పుపట్టింది.

'ఎప్పుడు తెలిసింది' అన్నదానికి ఇంత విలువ ఎందుకంటే, నౌక యజమాని బాధ్యతకు అంతర్జాతీయ ఒప్పందం ఒక పరిమితి పెడుతుంది. అది నౌక టన్నేజీని, అంటే పరిమాణాన్ని బట్టి లెక్కగట్టేది, నష్టాన్ని బట్టి కాదు. లండన్ కోర్టులో 2023లో వచ్చిన పరిమితి సుమారు 1.9 కోట్ల పౌండ్లు. నష్టం జరుగుతుందని తెలిసీ యజమాని స్వయంగా తెగించాడని రుజువైతేనే ఆ కవచం పోతుంది. శ్రీలంక కోర్టు ఆ దారిలో వెళ్లలేదు. ప్రాథమిక హక్కుల పిటిషన్లు విచారించి, కలుషితం చేసినవాడే చెల్లించాలన్న సూత్రంతో తీర్పిచ్చింది. శకలాల తొలగింపు, శుభ్రత, పరిహారాలకు ఇప్పటికే 17 కోట్ల డాలర్లు పెట్టామని, పరిమితి లేని చెల్లింపు నౌకా వాణిజ్యాన్నే కుదిపేస్తుందని సంస్థ అంటోంది. నెగొంబో తీరంలో వేట ఆగిపోయిన మత్స్యకార కుటుంబానికి ఆ టన్నేజీ లెక్కతో పనేముంది?

సముద్రంలో కలిసిన గుళికలు సుమారు 1,680 టన్నులు. ఒక్కోటి పప్పుగింజంత ఉంటుంది. తీరానికి చేరినవాటిని ఇసుక జల్లెడ పట్టి ఏరాల్సిందే, కానీ ప్రతి అల మళ్లీ కొన్ని తెచ్చిపోస్తుంది. అప్పట్లో నౌకా నిబంధనల్లో అవి ప్రమాదకర సరుకు కావు, డెక్ మీద ఎక్కడైనా పేర్చవచ్చు. వీలైనంతవరకు డెక్ కింద పెట్టండి, గట్టి ప్యాకింగ్ చేయండి అన్న సూచన 2024లో గానీ రాలేదు. అదీ ఐచ్ఛికమే.

2025 మే 25న కొచ్చి సమీపంలో ఎమ్మెస్సీ ఎల్సా 3 640 కంటైనర్లతో మునిగింది. 12 పెట్టెల్లో, నీరు తగిలితే మండే వాయువు పుట్టించే కాల్షియం కార్బైడ్ ఉంది. కేరళ తీరానికి అవే తెల్ల గుళికలు కొట్టుకొచ్చాయి. కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయలు అడిగింది. అక్కడా యజమానులు ముందుకు తెచ్చింది ఆ పరిమితినే.

కొలంబో తీర్పులోని మొదటి వాయిదా 25 కోట్ల డాలర్లు. గడువు 2025 సెప్టెంబరు 23. కట్టబోమని సంస్థ బాహాటంగానే చెప్పింది.