ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది?

డచ్చి ఈస్టిండియా కంపెనీకి చెందిన ‘స్పెర్వెర్’ అనే వర్తక నౌక 1653 జూలై చివర్లో 64 మందితో తైవాన్ రేవు విడిచి జపాన్‌లోని నాగసాకికి బయలుదేరింది. ఆగస్టు 16 తెల్లవారకముందే కొరియాకు దక్షిణాన ఉన్న జేజు ద్వీపపు రాళ్లకు మూడుసార్లు కొట్టుకుని ముక్కలైంది. 36 మంది బతికి బయటపడ్డారు. ఈ ఉదంతాన్ని చాలామంది బందీల సాహసగాథగానే చెబుతారు గానీ, ఓడకు ఏమైందన్నదే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. దాన్ని ఒడ్డుకు తోసింది గాలి. ఆ తరువాత అందులో ఏది ఎవరికి చెందాలో తేల్చింది ఒడ్డు మీది రాజ్యం.

ముందు గాలి సంగతి. పసిఫిక్‌లో పుట్టే టైఫూన్లు ఆగస్టులో తరచుగా తైవాన్ పరిసరాల దాకా వచ్చి, ఉత్తరానికీ ఆపై ఈశాన్యానికీ మళ్లుతాయి. నాగసాకి దారి కూడా ఈశాన్యానికే కనుక ఓడా తుపానూ ఒకే బాట పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి చాపలు దించక తప్పదు, దించితే ఓడకు నడక పోయి చుక్కాని మాట వినదు. అడ్డచాపలు కట్టిన ఆనాటి నౌకలు మామూలు రోజుల్లో కూడా గాలి వచ్చే దిక్కుకు 60, 70 డిగ్రీల కన్నా దగ్గరగా నడవలేకపోయేవి; తుపానులో పక్కకు జారిపోవడం కూడా తోడైతే వెనుదిరిగే మార్గమే ఉండదు. అందువల్ల గాలివాలున నేల కనిపించడమంటే నావికుడికి గండం కనిపించినట్టే. స్పెర్వెర్ సిబ్బందికి ఆ నేల తుపాకి గుండు పోయేంత దూరంలో కనిపించింది. లంగరు వేశారు, నీటి లోతుకూ అలల ఉధృతికీ అది పట్టలేదు. బరువంతా నీటి మీద సమంగా ఆనేలా కట్టిన చెక్క అడుగుభాగం, ప్రతి అలకూ లేచి ఏవో కొన్ని రాళ్ల మీదే పడుతుంటే ఎంతోసేపు తాళలేదు.

ఇక ఒడ్డు సంగతి. జేజు పాలనాధికారి యి వొన్‌జిన్ సైనికులను పంపి రాజధానికి రాసిన నివేదిక, కొరియాను ఏలిన జొసన్ రాజవంశపు అధికారిక చరిత్రలోకి ఎక్కింది. వచ్చినవారు ఏ దేశస్థులో తెలియదని, భాష కలవదని, కళ్లు నీలం, ముక్కులు ఎత్తు అని చెబుతూనే, ఆ నివేదిక సరుకును మాత్రం లెక్కపెట్టింది: కోష్టు 94 మూటలు, పచ్చకర్పూరం నాలుగు జాడీలు, జింక చర్మాలు 27,000. కోష్టు హిమాలయ ప్రాంతపు సుగంధపు వేరు. పచ్చకర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల చెట్ల నుంచి వచ్చేది. జింక చర్మాలు తైవాన్ నుంచి జపానుకు కంపెనీ చేసే వ్యాపారంలో ముఖ్యమైన సరుకు. ఆ ఓడ ఏ దేశాలను కలుపుతూ తిరిగిందో చెప్పడానికి ఈ మూడు పద్దులు చాలు.

ఓడ గుమాస్తా హెండ్రిక్ హామెల్ రాసిన దాని ప్రకారం, శిథిలం నుంచి చర్మాలు, ఇనుము దొంగిలించిన స్థానికులను అధికారులు అరికాళ్ల మీద కొట్టించి శిక్షించారు. ఆనాటి ఓడలో మేకులకూ బోల్టులకూ ఎంతో ఇనుము పట్టేది కాబట్టి, దానికోసం శిథిలానికి నిప్పు పెట్టారు. అప్పటికే మందు కూరి ఉన్న రెండు ఫిరంగులు పేలేసరికి దగ్గరున్న అధికారులూ సైనికులూ పరుగు తీశారు. సముద్రపు నీట నాని, చాలావరకు కుళ్లి పురుగు పట్టిన చర్మాలను తరువాత సియోల్‌లో ఆ నావికులకే ఇచ్చి, వాటిని అమ్ముకుని చలికాలపు బట్టలు కొనుక్కోమన్నారు.

ఒడ్డుకెక్కిన ఓడ రాజుదే అన్న పద్ధతి మన తీరానికీ కొత్త కాదు. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఆ సంగతి దాచకుండా చెబుతుంది: గాలివానకు దెబ్బతిని తీరాన పడిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని. ఆ సుంకం ముప్పయ్యో వంతు. మునిగిన ఓడ నుంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణంతో బయటపడితే అది దిక్కులేని సొత్తు కాదని ఇంగ్లండు చట్టం చేసింది 1275లో. గణపతిదేవుడు దయ గురించి, కీర్తి గురించి రాయించాడు గానీ, రేవుకు వర్తకులు రాకపోతే ఆ ముప్పయ్యో వంతు కూడా రాదన్న లెక్క ఆయనకు తెలియదనుకోలేము.

కొరియాకు అలాంటి లెక్క లేదు, ఐరోపా వర్తకం దానికి అక్కరలేదు. అందువల్ల సరుకు కన్నా మనుషులనే గట్టిగా పట్టుకుంది. 1627లో ఇలాగే చిక్కుకున్న వెల్టెవ్రే అనే డచ్చివాణ్ణి దుభాషిగా తెచ్చారు. మాతృభాషను దాదాపు మరిచిపోయిన ఆ మనిషిని చూశాక తమ గతి ఏమిటో స్పెర్వెర్ నావికులకు అర్థమైంది. పరదేశీయులను తిరిగి పంపే ఆచారం లేదు. 1666లో హామెల్‌తో సహా ఎనిమిది మంది చిన్న పడవలో తప్పించుకుని నాగసాకి చేరేనాటికి 36 మందిలో 16 మందే మిగిలి ఉన్నారు. కంపెనీ నిబంధన ప్రకారం ఓడ పోయిన రోజుతోనే నావికుడి జీతం ఆగిపోతుంది. హామెల్ తన వృత్తాంతాన్ని కంపెనీ పెద్దలకు నివేదికగా రాశాడు, ఆ 13 ఏళ్ల జీతం కోసం సిబ్బంది మొరపెట్టుకున్నారు. పెద్దలు చివరకు కొంత సొమ్ము ఇప్పించారు గానీ పూర్తి జీతం ఇవ్వలేదు.