బాక్సు నుంచి బాక్సుకి లింక్ వేస్తే అది సిరీస్ కాదు: యాంప్‌లు, స్పీకర్ల మీద అపోహలు - వాస్తవాలు

వినాయక నిమజ్జనాలు అయిన మర్నాడు పర్లాకిమిడిలో మా రిపేరు షాపు గుమ్మంలో యాంప్‌లు వరస కడతాయి. కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వస్తాయి, ఇటు పాతపట్నం నుంచీ వస్తాయి. మూత తియ్యక ముందే కాలిన వాసన. తీస్తే లోపల 5200, 1943 నంబర్ల పవర్ ట్రాన్సిస్టర్లు జతలు జతలుగా షార్ట్. "ఒక్కో చానల్‌కి (యాంప్ వెనక ఒక్కో అవుట్‌పుట్‌కి) ఎన్ని స్పీకర్ బాక్సులు వేశారు?" అని నేను అడిగితే, "అన్నయ్యా, ఇది వెయ్యి వాట్ల యాంప్ కదా!" అంటారు. వాట్లు అందరూ అడుగుతారు. ఓమ్స్, అంటే బాక్సు కరెంటుకి ఇచ్చే అడ్డు, ఎవరూ అడగరు. అది తగ్గేకొద్దీ యాంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. డబ్బు పోయేది అక్కడే.

అపోహ: ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకి లింక్ వేస్తే అది సిరీస్ (ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు వెళ్ళి, ఓమ్స్ కూడుకునేది), కాబట్టి ఎన్ని వేసినా యాంప్‌కి ఏమీ కాదు.

వాస్తవం: అది పారలల్, అంటే పక్కపక్కన తగిలించినట్టు, ఓమ్స్ తగ్గుతాయి. మామూలు బాక్సు వెనకున్న రెండు సాకెట్లూ లోపల ఒకే రెండు తీగలకి కలిసి ఉంటాయి. కంటికి రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి గానీ, కరెంటు లెక్కలో అన్నీ యాంప్‌కి నేరుగా తగిలించినట్టే. 8 ఓమ్స్ బాక్సులు రెండు లింక్ చేస్తే 4 ఓమ్స్. మూడైతే సుమారు 2.7. నాలుగైతే 2. యాంప్ వెనక మినిమం 4 ఓమ్స్ అని ఉంటే చానల్‌కి రెండు బాక్సుల దగ్గర ఆగిపోవాలి. మూడోది తగిలించకూడదు, ఒక్క పాటకైనా సరే.

ఎందుకో అంకెల్లో చూడండి. 8 ఓమ్స్ మీద 100 వాట్లు వచ్చేటప్పుడు యాంప్ నుంచి బయటికి వచ్చేది సుమారు 28 వోల్టులు, 3.5 ఆంపియర్లు. అవే 28 వోల్టులకి 4 ఓమ్స్ తగిలిస్తే 7 ఆంపియర్లు, 2 ఓమ్స్ తగిలిస్తే 14. మినిమం 4 ఓమ్స్ అని రాసిన యాంప్‌లోని ట్రాన్సిస్టర్లు, వాటి వేడి లాగే హీట్‌సింక్ అన్నీ 7కి లెక్కేసి పెట్టినవి. మొదటి అరగంట సౌండ్ అదిరిపోతుంది, అక్కడే అందరూ మోసపోతారు. తర్వాత హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టలేం. చివరికి ట్రాన్సిస్టర్ షార్ట్ అయ్యి, ప్రొటెక్షన్ రిలే కూడా పని చెయ్యకపోతే, సప్లైలోని డీసీ నేరుగా బాక్సులోకి వెళ్ళి స్పీకర్ కాయిల్‌ని మాడ్చేస్తుంది. యాంప్‌తో పాటు బాక్సులూ పోతాయి.

కాశీనగరం దగ్గర పల్లె నుంచి ఒక కుర్రాడు తువ్వాలులో చుట్టుకుని యాంప్ తెచ్చాడు. వాళ్ళమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని కొనిచ్చిందట. ఊళ్ళో అమ్మవారి సంబరానికి స్నేహితుడి బాక్సులు కూడా తెచ్చి చానల్‌కి నాలుగు చొప్పున లింక్ చేశాడు. రాత్రి ఫ్యూజు ఎగిరింది. ఇంకోటి వేస్తే అదీ ఎగిరింది. మూడోసారి రాగి తీగ చుట్టేశాడు. నాతో మాట్లాడుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తల్లేమో దిష్టి తగిలిందంటోంది, ఇంకో షాపులో వాట్లు చాల్లేదు పెద్ద యాంప్ కొనుక్కో అన్నారట. అప్పులో ఉన్న పిల్లాడికి చెప్పాల్సిన మాటేనా అది? ఆ ఫ్యూజు రెండుసార్లు అతన్ని ఆపడానికే చూసింది. ఫ్యూజు ఎగిరితే ముందు బాక్సులు తగ్గించండి. దాని చోట తీగ మాత్రం చుట్టకండి, ఇల్లు కూడా అంటుకోవచ్చు.

నాలుగూ మోగాల్సిందేనంటే దారి ఉంది. ఒకే మోడల్ బాక్సుల్ని రెండేసి సిరీస్ చేసి, ఆ రెండు జతల్ని పారలల్ చేస్తే మళ్ళీ 8 ఓమ్స్ వస్తుంది. మామూలు లింక్ కేబుల్‌తో కుదరదు, కేబుల్ విడిగా కట్టించుకోవాలి. అతనికి అలాగే కట్టిచ్చాను.

అపోహ: యాంప్ ఓమ్స్, బాక్సు ఓమ్స్ సరిగ్గా ఒకటే ఉండాలి.

వాస్తవం: ఇది ట్రాన్సిస్టర్లకి ముందు గాజు వాల్వులతో నడిచిన సెట్ల కాలం నాటి మాట. వాటికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, 4, 8, 16 అని వేరే వేరే టెర్మినల్స్ ఉండేవి. ట్రాన్సిస్టర్ యాంప్ మీద రాసింది కనీస హద్దు. 4 ఓమ్స్ యాంప్‌కి 8 ఓమ్స్ బాక్సు హాయిగా వెయ్యొచ్చు, వాట్లు తక్కువ వస్తాయి, అంతే. బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండు చానల్స్ కలిపి ఒకే బాక్సుకి ఇస్తే మాత్రం జాగ్రత్త, 8 ఓమ్స్ బాక్సు ఒక్కో చానల్‌కి 4 లాగా తగులుతుంది.

అపోహ: చిన్న యాంప్ పెద్ద బాక్సుని పాడు చెయ్యలేదు.

వాస్తవం: చేస్తుంది. యాంప్ హద్దు దాటిందని చెప్పే క్లిప్ లైటు వెలుగుతుండగా ఇంకా పెంచితే, రాసిన వాట్లకి దాదాపు రెట్టింపు దాకా బయటికి వస్తుంది. ముందు పోయేది ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్).

మీటర్ పెడితే 8 ఓమ్స్ బాక్సు 6 చూపించిందని టెన్షన్ పడి ఫోన్ చేస్తారు. భయం లేదు. మీటర్ చూపించేది కాయిల్ డీసీ రెసిస్టెన్స్, అది రాసిన ఓమ్స్ కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

వాట్లు రెట్టింపు చేస్తే సౌండ్ రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొంచెమే. ప్రకటన కోసం పెద్దగా వేసే పీఎంపీఓ వాట్ల అంకెని అసలు చూడకండి.

గుళ్ళకి, సవర పల్లెల్లో చర్చిలకి పెట్టే 100 వోల్టుల లైను హారన్ల లెక్క వేరు. అక్కడ హారన్ల వాట్లు కూడుకుని, యాంప్ వాట్లు దాటకుండా చూసుకుంటే చాలు. ఆ లైనుకి ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్స్ బాక్సు మాత్రం తగిలించకండి. లెక్క ప్రకారం అది 1250 వాట్లు అడుగుతుంది.

బాక్సు వెనక స్టిక్కర్ చెరిగిపోయిందా? షాపుకి తీసుకురండి. మీటర్ పెట్టి చూసి, పెయింట్‌తో పెద్దగా ఓమ్స్ రాసిస్తాను. దానికి డబ్బులు తీసుకోను.