షియా బటర్: ముందు తడి, తర్వాతే వెన్న

పోయిన చలికాలం కరీంనగర్ నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేసింది. "అక్కా, డబ్బాలో బొంబాయి రవ్వ ఏమైనా కలిపారా? చేతికి గరగరలాడుతోంది" అంది. పాపం, కల్తీ సరుకు అంటగట్టారని టెన్షన్ పడింది. "మీ వంటింట్లో నెయ్యి పూస కట్టిందేమో చూడమ్మా" అన్నాను. చూసొచ్చి, కట్టిందంది. ఆఫ్రికాలో షియా చెట్టు గింజల నుంచి తీసే ఈ వెన్నకి జరిగేదీ అదే.

అపోహ: రవ్వరవ్వగా ఉంటే కల్తీ, లేదా పాడైపోయింది.

షియాలో ఎక్కువ భాగం స్టియరిక్, ఒలీక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలే. ఎండకు కరిగిన డబ్బా నిదానంగా చల్లారితే, స్టియరిక్ ఎక్కువగా ఉన్న భాగం ముందు గడ్డకట్టి పూసలవుతుంది. ఒక గిన్నెలో నీళ్లు వేడిచేసి, అందులో షియా ఉన్న చిన్న గిన్నె పెట్టండి. ఒక్క పూస కూడా మిగలకుండా కరిగాక వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా వస్తుంది. ఆ ఓపిక లేకపోతే అరచేతుల మధ్య రుద్దండి, ఒంటి వేడికే కరుగుతుంది. పాడైందో లేదో చెప్పేది వాసన. పాత నూనె డబ్బా మూత తీసినప్పుడు వచ్చే మక్కు వాసన వస్తే పారేయండి.

అపోహ: షియా చర్మానికి తేమనిస్తుంది.

పన్నెండేళ్లుగా క్రీములు, సబ్బులు తయారుచేస్తున్నాను. నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్లే మంచి వస్తువు చెడ్డపేరు తెచ్చుకుంటోంది. షియా అంటే పూర్తిగా కొవ్వు. అందులో నీళ్లుండవు. అది గిన్నె మీద మూతలాంటిది: లోపలున్న తడిని ఆవిరి కానివ్వదు, కొత్తగా తడి తెచ్చిపెట్టదు. మధ్యాహ్నం ఎండిపోయిన చేతుల మీద రాసుకుని "జిడ్డు తప్ప ఏమీ లేదు" అంటే, తప్పు షియాది కాదు.

స్నానం చేశాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, శనగగింజంత తీసుకుని అరచేతుల్లో కరిగించి అద్దండి. మడమలు పగిలినవాళ్లు రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లుంచి, పైపైన తుడిచి, రాసుకుని సాక్సులు వేసుకోండి. వారం తిరిగేసరికి తేడా కనిపిస్తుంది. చర్మం ఎర్రబడి రసి కారుతుంటే మాత్రం నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అపోహ: మాడుకు పట్టిస్తే జుట్టు పెరుగుతుంది, చుండ్రు పోతుంది.

పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆఫ్రికన్ మహిళల జుట్టుకు షియా అంత బాగా పనిచేయడానికి కారణం వేరే. చుట్లు చుట్లుగా ఉండే జుట్టులో మాడు దగ్గర పుట్టే సహజమైన జిడ్డు కొసల దాకా జారలేదు. అందుకే ఆ జుట్టు త్వరగా ఎండుతుంది, విరుగుతుంది. తడి జుట్టు మీద షియా రాస్తే ఆ తడి నిలుస్తుంది, విరగడం తగ్గుతుంది, దాంతో పొడవు మిగులుతుంది. మనలో చాలామందికి సాఫీగానో కాస్త అలలుగానో ఉండే జుట్టు. దానికి మాడంతా పట్టిస్తే బరువుగా అతుక్కుపోతుంది. తలస్నానం తర్వాత మినపగింజంత, కొసలకు మాత్రమే చాలు. తలంటుకు ముందు పట్టించడానికైతే మన కొబ్బరినూనే మేలు. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, షియా ఎక్కువగా పైనే నిలుస్తుంది.

ఇక చుండ్రు. మాడు మీద మలసీజియా అనే ఫంగస్ ఉంటుంది, దాని తిండే ఈ కొవ్వులు. చుండ్రు ఉన్న మాడుకు షియా పట్టించడమంటే దానికి అన్నం పెట్టి పెంచడమే.

అపోహ: పసుపుపచ్చగా ఉంటేనే అసలైన షియా.

ఉత్తర ఘనాలో టమాలే దగ్గర ఒక పల్లెలో ఈ వెన్న తీయడం చూశాను. గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి, వేయించి, ముద్దగా నూరతారు. అది చాక్లెట్ రంగులో ఉంటుంది. పెద్ద బేసిన్లో ఆ ముద్ద వేసుకుని, నీళ్లు చిలకరిస్తూ ఆడవాళ్లు మోచేతుల దాకా ముంచి పిసుకుతారు. నేనూ కూర్చున్నాను, పావుగంటకే భుజాలు పట్టేశాయి. పక్కనున్న పెద్దావిడ చేతులు మాత్రం ఆగలేదు. చూస్తుండగా ముద్ద రంగు తగ్గుతూ తగ్గుతూ, మజ్జిగలో వెన్నలా తెల్లటి నురగ తేలింది. దాన్ని తీసి, కడిగి, నెయ్యి కాచినట్టు కాస్తారు. చల్లారాక వచ్చేది లేత దంతపు రంగు. ముదురు పసుపు రంగులో అమ్మేదానిలో చాలాసార్లు ఒక వేరు వేసి కాచి ఉంటారు. మన కొండగోగుకు దగ్గరి బంధువైన మొక్క అది. ఆ రంగు వాళ్ల అలవాటు, మోసం కాదు. అలాగని నాణ్యతకు గుర్తూ కాదు.

షియా చెట్టు కాపుకు రావడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అందుకే కిలో ధర చూసి బేరమాడేవాళ్లతో నేను వాదించను, ఆ పెద్దావిడ చేతుల గురించి చెబుతాను.

మిగతావి క్లుప్తంగా. షియా సన్‌స్క్రీన్ కాదు, ఎండను ఆపే గుణం అందులో చాలా తక్కువ. దాంతో ఒంటి రంగు తెల్లబడదు. ప్రసవం తర్వాతి చారలు పోతాయని నేనెవరికీ మాటివ్వను. రిఫైన్డ్ షియా దండగేమీ కాదు. వాసన, కొన్ని సుగుణాలు పోయినా మూతలా పనిచేయడం పోదు. మొటిమలున్న ముఖానికి వద్దు, మే నెలలో అసలే వద్దు. మొదటిసారి వాడేవాళ్లు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగండి.

అపోహ: ఇలాంటిది మన దగ్గర లేనే లేదు.

షియా చెట్టుది సపోటా కుటుంబం. మన ఇప్పదీ అదే కుటుంబం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్ప పలుకుల నుంచి తీసే నూనె కూడా చల్లబడితే వెన్నలా పేరుకుంటుంది. అది దొరికే ఊళ్లో ఉన్నవాళ్లు మడమల కోసం షియాకు డబ్బులు పెట్టక్కర్లేదు. కాళ్లు కడుక్కుని, ఆ తడి మీదే ఇప్పనూనె రాసి చూడండి.