పట్టాలున్నాయి, లోకల్ రైలు లేదు: తిరుపతి ఇళ్ళ వాదన వెనక కథ

తిరుపతిలో రెండు వాదనలు చాలా ఏళ్ళుగా పక్కపక్కనే నడుస్తున్నాయి గానీ ఒకదాన్నొకటి పలకరించుకోవు. హైదరాబాదుకు ఎంఎంటీఎస్ ఉన్నట్టు పాకాల, చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరులను కలుపుతూ మనకూ లోకల్ రైళ్ళు కావాలన్నది ఒకటి. ఊళ్ళో అపార్ట్‌మెంట్లను ఎక్కడ, ఎంత ఎత్తుకు లేవనివ్వాలన్నది రెండోది. మొదటిది రైల్వే వాళ్ళ పని, రెండోది కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చూసుకోవాల్సిన పని అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఈ ఊరు పెరిగిన తీరు తెలిస్తే మాత్రం రెండూ ఒకే తగాదాలో రెండు కొసలని అర్థమవుతుంది.

ముందు పట్టాల సంగతి. మద్రాసు నుంచి బొంబాయి వైపు వేసిన పెద్ద లైను 1860లలోనే రేణిగుంట మీదుగా పోయింది. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. రెండు రేవులను కలపాలన్నదే ఆ లైను వేసినవాళ్ళ లెక్క. కొండ కింది ఊరు వాళ్ళ దారిలో లేదు. తర్వాత, 1890ల మొదట్లో, దక్షిణ భారత రైల్వే మీటర్ గేజి లైను కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికీ, అక్కణ్ణుంచి గూడూరు వైపుకీ వచ్చింది. అందుకే ఇవాళ్టికీ పెద్ద జంక్షన్ రేణిగుంటలో ఉంది, తిరుపతి దానికి పది కిలోమీటర్ల దూరంలో ఉంది. రేణిగుంట నుంచి కడప వైపు, శ్రీకాళహస్తి మీదుగా గూడూరు వైపు, పుత్తూరు మీదుగా అరక్కోణం వైపు, తిరుపతి మీదుగా పాకాల వైపు అంటూ నాలుగు దారులు చీలతాయి. పాకాల దగ్గర మళ్ళీ ధర్మవరం వైపు ఇంకో దారి. ఈ పాటి ఊరికి ఇన్ని దిక్కుల నుంచి రైలు మార్గం ఉండటం మామూలు సంగతి కాదు.

తిరుపతి స్టేషన్‌ను గోవిందరాజస్వామి గుడికి నాలుగడుగుల దూరంలో కట్టారు. రైలు దిగిన యాత్రికుడు సత్రంలో మూట దించుకుని, కోనేట్లో మునిగి, గోవిందరాజులను చూసుకుని అలిపిరి దారి పట్టేవాడు. ఘాట్ రోడ్డు 1944లో గానీ రాలేదు. అంతవరకూ కొండకు కాలినడకే, లేదా డోలీ. స్టేషన్‌కూ అలిపిరికీ మధ్య నడిచిపోయే జనం అవసరాల కోసమే సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు, అంగళ్ళు వెలిశాయి. అంటే రైలును ఆనుకుని ఊరు చిక్కబడటం ఇక్కడ నూట పాతికేళ్ళ నాటి సంగతి. దానికి ఎవరూ పాలసీ రాయలేదు.

ఘాట్ రోడ్డు వచ్చాక లెక్క మారింది. కొండ మీదికి బస్సులు మొదలయ్యాయి. 1970లలో రెండో ఘాట్ రోడ్డు తోడైంది. మద్రాసు, బెంగుళూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చే జనం కూడా మెల్లగా బస్సుల్లోకి, తర్వాత కార్లలోకి మారారు. ఊరి ముఖం స్టేషన్ నుంచి బస్టాండు వైపు తిరిగింది. ఉత్తరాన శేషాచలం అడవి కాబట్టి ఆ పక్కకు పెరగడానికి లేదు. 1954లో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రావడంతో ఊరు పడమటికి సాగింది. 1981లో పుట్టిన తుడా ఆ దారిలోనే లేఅవుట్లు వేసింది. ఎం.ఆర్.పల్లి, పద్మావతీపురం, అవిలాల, తుమ్మలగుంట, పేరూరు ఒకదాని వెనక ఒకటి ఊళ్ళో కలిసిపోయాయి. కింద ఓనరు, పైమిద్దెలో బాడుగ వాళ్ళు అన్నది ఈ కాలపు ఇంటి నమూనా. రైలు కట్ట మాత్రం ఊరిని రెండు ముక్కలు చేసే అడ్డుగోడగా మిగిలింది. గేటు దగ్గర ఆగేవాళ్ళకూ, అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు నిలిస్తే ఇరుక్కునేవాళ్ళకూ రైలంటే చిరాకు కలగడంలో తప్పేమీ లేదు.

2011 జనాభా లెక్కల్లో కార్పొరేషన్ పరిధిలో సుమారు 2.87 లక్షల మంది, శివార్లతో కలిపితే సుమారు 4.6 లక్షల మంది తేలారు. ఆ లెక్కలో భక్తులు లేరు. కొండకు రోజుకు అరవై నుంచి ఎనభై వేల మంది వస్తారు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. వాళ్ళలో చాలామంది ఒక రాత్రయినా కింద ఊళ్ళో పడుకుంటారు. ఇళ్ళ వాదనలో తిరుపతి మిగతా ఊళ్ళకు భిన్నంగా ఉండేది ఇక్కడే. మామూలు ఊళ్ళో స్టేషన్ చుట్టూ స్థలాలు ప్రియమైతే పైకి కట్టుకుని అక్కడే కాపురాలు పెడతారు. ఇక్కడ స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం అనే టీటీడీ వసతి గృహాలు, మధ్య సందుల్లో లాడ్జీలు. నెల బాడుగ ఇచ్చే కుటుంబం కంటే పూటకో గది తీసుకునే యాత్రికుడే ఓనరుకు లాభం. ఊరి నడిమధ్య జనసాంద్రత తక్కువేమీ కాదు, కాకపోతే అందులో ఎక్కువ పాలు రేపు తెల్లారి వెళ్ళిపోయేవాళ్ళది. వాళ్ళ దుప్పట్లు ఉతికేవాళ్ళు, టిఫిన్ వేసేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు మాత్రం బాడుగలు తట్టుకోలేక బయటికి జరిగారు. అపార్ట్‌మెంట్లకు ఎత్తు పెంచితే ఇళ్ళు అగ్గువ అవుతాయనే మాట ఇక్కడ సూటిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. పెరిగిన అంతస్తు ఇల్లవుతుందో లాడ్జీ అవుతుందో ముందు తేలాలి.

రాష్ట్రమంతటికీ వర్తించే 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఎత్తు ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పును బట్టి, స్థలం విస్తీర్ణాన్ని బట్టి తేలుతుంది. రైలు స్టేషన్ దగ్గరుందా, బస్సు వస్తుందా అన్నది అందులో పెద్దగా లెక్కలోకి రాదు. అదే ఏడాది కేంద్రం తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం మాత్రం స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే నడిచి చేరే దూరంలో, ఎక్కువ అంతస్తులు ఇమ్మంటుంది. ఈ రెండు కాగితాలూ తిరుపతిలో ఎదురుపడలేదు. వాటి మధ్యలో టీడీఆర్ బాండ్లు వచ్చాయి. మాస్టర్ ప్లాన్ రోడ్లకు స్థలం వదులుకున్నవాడికి డబ్బుకు బదులు అదనంగా కట్టుకునే హక్కు ఇస్తారు. అతను దాన్ని బిల్డరుకు అమ్ముకుంటాడు, బిల్డరు ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకుంటాడు. తిరుపతిలో ఈ బాండ్ల జారీ మీద వచ్చిన అక్రమాల ఆరోపణలు రాజకీయ రచ్చ అయ్యాయి. ఆ గోలలో అసలు ప్రశ్న పక్కకు పోయింది: ఆ అదనపు అంతస్తు ఎక్కడ లేవాలి? బాండు ఉన్నవాడికి ఎక్కడ గిట్టుబాటైతే అక్కడ లేస్తోంది.

పేదల ఇళ్ళు మరో దారి పట్టాయి. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర టిడ్కో (పట్టణ పేదలకు ఇళ్ళు కట్టే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు జీ ప్లస్ 3 బ్లాకులు కట్టారు. 2020 డిసెంబరులో రాష్ట్రమంతా పంచిన ఇళ్ళ స్థలాల పట్టాల్లో పట్టణ లబ్ధిదారుకు దక్కింది సెంటు. తిరుపతి లెక్కలో చెప్పాలంటే పన్నెండు అంకణాలు. అంత చిన్న స్థలంలో ఇల్లు కట్టుకోవడం ఒక ఎత్తయితే, ఊళ్ళోకి పనికి వచ్చిపోవడం ఇంకో ఎత్తు. టీటీడీ ఉద్యోగుల కోసం 2023లో వడమాలపేట మండలం పాదిరేడు అరణ్యం దగ్గర స్థలాలిచ్చారు. ఈ చోట్లను పటం మీద గుర్తుపెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వికృతమాల రేణిగుంట-శ్రీకాళహస్తి లైను వైపుంది, వడమాలపేట రేణిగుంట-పుత్తూరు లైను వైపుంది. ఏర్పేడు వైపే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. అంటే స్థలాలను వెతికినవాళ్ళు రైలును చూడలేదు, అగ్గువ భూమిని చూశారు. అయినా రైలు దగ్గర్లోనే ఉంది. కాకపోతే స్టేషన్‌కు నడిచిపోయే దారీ లేదు, పని వేళలకు సరిపడా రైళ్ళూ లేవు.

రైళ్ళు ఎందుకు లేవంటే, తిరుపతి స్టేషన్ దూరపు బండ్లకు చివరి మజిలీ. దేశం నలుమూలల నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఖాళీ అయి, కడిగించుకుని, తిరిగి బయలుదేరాలి. ప్లాట్‌ఫారాలు వాటికే చాలవు. ఆ భారం కొంత దించడానికే తిరుచానూరు స్టేషన్‌ను పెంచారు. పాకాల, కాట్పాడి వైపు లైను ఈ శతాబ్దం మొదట్లో బ్రాడ్ గేజి అయినా ఒంటి లైనుగానే ఉండిపోయింది. ఒంటి లైను మీద ఎదురు బండి దాటేవరకూ ప్యాసింజరు కాచుకుని కూర్చోవాల్సిందే. కరోనా తర్వాత ప్యాసింజర్లనే స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌లుగా పేరు మార్చి కనీస టికెట్టును 10 రూపాయల నుంచి 30కి పెంచారు. 2024 ఫిబ్రవరిలో గానీ పాత రేటు తిరిగి రాలేదు. ఆ మధ్యకాలంలో షేర్ ఆటోకు అలవాటుపడ్డ రేణిగుంట కూలీని మళ్ళీ రైలెక్కించడం టికెట్టు తగ్గించినంత తేలిక కాదు.

అధికారం కూడా ముక్కలుగా ఉంది. తిరుపతి, రేణిగుంట, పాకాల గుంతకల్లు డివిజన్ కింద నడిచాయి. కాట్పాడి చెన్నై డివిజన్‌ది, గూడూరు విజయవాడ డివిజన్‌ది. చెన్నై లోకల్ రైళ్ళు తిరుత్తణి దాకా వచ్చి ఆగిపోతాయి. తిరుపతి కేంద్రంగా బాలాజీ డివిజన్ కావాలని ఇక్కడివాళ్ళు పట్టుబట్టడంలో ఆత్మగౌరవం పాలు కొంత ఉన్నా, టైంటేబుల్ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న అంతకంటే పెద్దది. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించినా ఈ కోరిక తీరలేదు.

ఎంఎంటీఎస్ పేరు ఊరికే వాడతారు గానీ, అది ఎలా వచ్చిందో చెప్పేవాళ్ళు తక్కువ. 2003లో హైదరాబాదులో అది మొదలైంది ఉన్న పట్టాల మీదే. ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం పంచుకున్నాయి. రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులకు పెరిగింది, ఆ డబ్బు విడుదల దగ్గరే పని ఏళ్ళ తరబడి సాగింది. తిరుపతికి అలాంటిది కావాలంటే రాష్ట్రం ముందు సంచీ విప్పాలి. కార్పొరేషన్ వల్ల అయ్యే పని కాదు.

డబ్బు మాట వస్తే ఇక్కడ అందరి చూపూ టీటీడీ మీదికి పోతుంది. సుమారు ఏడు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌ను 2019లో గరుడ వారధిగా మొదలుపెట్టి, 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతుగా తెరిచారు. స్మార్ట్ సిటీ నిధులతో పాటు టీటీడీ డబ్బు అందులో ఉంది. కొండకు పోయే బండ్లు ఊళ్ళో ఇరుక్కోకుండా పోతాయన్నది దానికి చెప్పిన న్యాయం. అదే ఏడాది అక్టోబరులో టీటీడీ పాలకమండలి తన బడ్జెట్‌లో ఒక శాతం ఊరి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానిస్తే గట్టి వ్యతిరేకత వచ్చింది, ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చింది. హుండీ డబ్బును భక్తుల వసతికి ఖర్చుపెట్టడానికీ, ఊరి కాలవలకు ఖర్చుపెట్టడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవలసిందే. లోకల్ రైలు ఆ గీతకు ఏ పక్క పడుతుంది? లాడ్జీలో పనిచేసే మనిషి ఎక్కే రైల్లోనే చెన్నై నుంచి వచ్చిన భక్తుడూ ఎక్కుతాడు కదా. అలిపిరి నుంచి కొండ మీదికి మోనోరైలు వేస్తే ఎలా ఉంటుందని 2020 ప్రాంతంలో పెద్దలు చర్చించారు. దానికి దొరికిన పత్రికల జాగాలో పదోవంతు కూడా రేణిగుంట ప్యాసింజరుకు దొరకలేదు.

ఎత్తైన ఇళ్ళ మీద అభ్యంతరం చెప్పేవాళ్ళను అభివృద్ధి విరోధులని కొట్టేయడం సులువే గానీ, 2021 నవంబరు చూసినవాళ్ళు అలా అనలేరు. శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం దగ్గర కట్టలు తెంచుకున్నట్టు దూకి, చెరువులకు పోవాల్సిన దారుల్లో ఇళ్ళుండటంతో వీధుల మీద పడింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. దానికి నెల ముందే రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్ళలో వాహనం మునిగి ప్రాణం పోయింది. కాలవ పూడిన చోట ఐదంతస్తులు తప్పే, రెండంతస్తులూ తప్పే. నిజానికి విడివిడి ఇళ్ళ లేఅవుట్లే ఎక్కువ నేలను సిమెంటుతో కప్పాయి. ఎత్తు మీద కోపం చూపించేవాళ్ళు ఊరు అడ్డంగా పరుచుకోవడం మీద ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు వాదన మళ్ళీ రాజుకోవడానికి కారణం 2025 ఏప్రిల్ నిర్ణయం. తిరుపతి-పాకాల-కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల ఒంటి లైనును జంట లైను చేయడానికి కేంద్ర మంత్రివర్గం సుమారు 1,332 కోట్ల రూపాయలకు ఒప్పుకుంది. ఆ ప్రకటనలో కాణిపాకం, శ్రీకాళహస్తి, చంద్రగిరి కోట ఉన్నాయి. వేలూరు, తిరుపతుల్లో చదువు, వైద్యం ఉన్నాయి. బొగ్గు, సిమెంటు రవాణా ఉంది. పొద్దున ఎనిమిదింటికి చంద్రగిరి నుంచి తిరుపతికి, సాయంత్రం తిరిగి ఇంటికి పోవాల్సిన మనిషికి రోజుకు ఎన్ని బండ్లు వస్తాయన్నది అందులో లేదు. జంట లైను పడ్డాక ఖాళీ అయ్యే సమయం గూడ్సు బండ్లకు పోతుందా, కొత్త ఎక్స్‌ప్రెస్‌లకు పోతుందా, దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే మెము రైళ్ళకు పోతుందా అన్నది తర్వాతి టైంటేబుల్‌లో తేలుతుంది. తిరుచానూరు, చంద్రగిరి, రేణిగుంట స్టేషన్లకు నడిచిపోయే దూరంలో ఇళ్ళకు ఎంత, లాడ్జీలకు ఎంత అన్నది తుడా ప్లాన్‌లో తేలాలి. ఈ రెండు కాగితాలూ వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు ఆఫీసుల్లో రాస్తారు. అవి వచ్చేలోగా చంద్రగిరి రోడ్డు పొడవునా చేలు ప్లాట్లయి అమ్ముడుపోతూనే ఉన్నాయి.