ముడిచమురు మడ్డి, ఓడ పొగ

తోతాపురి కాయల ట్రాక్టర్లు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే జూన్ నెలలో, మా వీధిలోని ఇంటర్ విద్యార్థి ఒకడు నన్ను ఇలా అడిగాడు: "గుజ్జు డ్రమ్ములను చెన్నై రేవుకు తీసుకువెళ్లే లారీ పొగ కంటికి కనబడటం లేదు సార్. మెరీనా తీరం నుంచి చూసిన ఓడ పొగ మాత్రం నల్లగా తోకలా సాగింది. రెండూ డీజిల్ ఇంజన్లే కదా?" ఇంజన్లు రెండూ ఒకే జాతివి. వాటిలో పోసే నూనె మాత్రం ఒకటి కాదు. ఆ తేడాను అర్థం చేసుకోవడానికి మన జిల్లాలో చెరకును మించిన ఉదాహరణ నాకు తోచదు.

ముడిచమురును కాచి, ఆవిరిని వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చల్లార్చి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వేరు చేస్తారని బడిపిల్లలకు తెలుసు. ఆ బొమ్మలో అట్టడుగున 'అవశేషం' అని రాసి, రోడ్లకు తారు అవుతుందని ఒక్క ముక్కలో ముగించడం, మేమూ అలాగే బోధించడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఓడల కథ మొదలయ్యేది ఆ అడుగునే.

చక్కెర మిల్లులో రసం నుంచి స్ఫటికాలు విడిపోయినకొద్దీ, స్ఫటికంలో ఇమడని లవణాలూ రంగు పదార్థాలూ మిగిలిన ద్రవంలో పోగుపడి, చివరకు నల్లని మడ్డి మిగులుతుంది. ముడిచమురులోనూ అంతే. గంధకాన్ని ఎక్కువగా మోసే పెద్ద అణువులు, వనేడియం, నికెల్ లోహాలను పట్టుకొని ఉండే అణువులు ఆవిరై పైకి లేవవు. పైనుంచి తేటను తీసినకొద్దీ అడుగున చిక్కబడతాయి. ఓడలు దశాబ్దాలుగా కాలుస్తున్నది ప్రధానంగా ఈ మడ్డినే. ఫ్యాక్టరీ బాయిలర్లలో వాడే ఫర్నేస్ ఆయిల్‌కు ఇది దగ్గరి చుట్టం.

బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె నుంచి జారుతుంది, చల్లారితే గరిటెనే పట్టేస్తుంది. ఓడ నూనె గుణమూ అదే. ట్యాంకులో దానిని 40, 50 డిగ్రీల దగ్గర ఉంచితే గానీ పంపు లాగలేదు. తరువాత సుమారు 98 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో గిరగిర తిప్పి నీటినీ మట్టినీ తీసివేస్తారు. గానుగ దగ్గర తెట్టు తీయడం లాంటి పని ఇది. ఇంజన్‌లోకి చిమ్మే ముందు మళ్లీ 130 నుంచి 150 డిగ్రీల వరకు కాస్తారు. పెద్ద ఓడ ఇంజన్ సిలిండర్ వెడల్పు మీటరుకు దగ్గరగా ఉంటుంది, ఇంజన్ నిమిషానికి సుమారు నూరు చుట్లే తిరుగుతుంది కనుక బరువైన అణువులు కాలడానికి వ్యవధి దొరుకుతుంది. అలాంటి ఇంజన్ ఇంధనంలోని శక్తిలో దాదాపు సగాన్ని పనిగా మార్చగలదు. ఆ నైపుణ్యం నిజంగా అబ్బురపరుస్తుంది. అయినా ఇంజన్ తక్కువ భారం మీద నడిచేటప్పుడు కొన్ని అణువులు సగం కాలి మసిగా మిగులుతాయి. మా విద్యార్థి చూసిన నల్లని తోక అదే.

కంటికి కనబడని గంధకం సంగతి ఇంకా తీవ్రమైనది. గంధకం పరమాణు భారం 32, దానితో చేరే రెండు ఆక్సిజన్ పరమాణువుల భారం 32. అందువల్ల కిలో గంధకం మండితే రెండు కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. 2020కి ముందు అంతర్జాతీయ నియమం ఓడ నూనెలో 3.5 శాతం వరకు గంధకాన్ని అనుమతించింది, అంటే టన్ను నూనెకు 70 కిలోల వాయువు. లారీకి పోసే బీఎస్-6 (మన దేశపు వాహన కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు మించరాదు. ఆ లెక్కన టన్నుకు వచ్చేది 20 గ్రాములు.

ఆ వాయువులో కొంత, బూడిదలోని వనేడియం ప్రేరణతో సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మారి, నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమై సిలిండర్ గోడను తినివేస్తుంది. రసం పులుపు విరగడానికి మన రైతు పెనంలో సున్నం వేస్తాడు కదా, ఓడ ఇంజనీరు సిలిండర్‌కు పట్టించే కందెన నూనెలోనూ సున్నపురాయి పదార్థమైన కాల్షియం కార్బొనేటే ఉంటుంది. పొగగొట్టంలో పొగను కడిగే స్క్రబ్బర్ కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. సముద్రపు నీటిలో సహజంగా ఉన్న క్షారగుణం ఆమ్లాన్ని విరుస్తుంది. కడిగిన నీరు మాత్రం చాలా ఓడల నుంచి తిరిగి సముద్రంలోకే పోతుంది. అందుకే సింగపూర్, యూఏఈలోని ఫుజైరా రేవులు 2020 నుంచి ఆ పారబోతను నిషేధించాయి.

కడగకుండా వదిలిన వాయువు గాలిలో సల్ఫేట్ నలుసులుగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణించగలదు, ఊపిరితిత్తుల లోతుకు చేరగలదు. సముద్రపు గాలి ఎప్పుడూ స్వచ్ఛమేనన్న నమ్మకం ఓడల దారులకు వర్తించదు. నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి వేరు. అవి ముఖ్యంగా మంట వేడికి గాలిలోని నైట్రోజన్ నుంచే పుడతాయి కనుక నూనె మార్చినంత మాత్రాన పోవు.

2020 జనవరి 1 నుంచి గంధకం పరిమితిని 0.5 శాతానికి దించారు. స్క్రబ్బర్ ఉన్న ఓడలు పాత నూనెనే కాల్చవచ్చు. కొన్ని సముద్రాలలో పరిమితి 0.1 శాతం. 2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రమూ వాటిలో చేరింది. కాబట్టి చిత్తూరు గుజ్జుతో సూయజ్ మీదుగా ఐరోపాకు వెళ్లే ఓడలో, స్క్రబ్బర్ లేకపోతే, మధ్యధరా చేరే ముందే ఇంజనీర్లు నూనె మార్చాలి. వేడి తేడాకు పంపులు పట్టేయకుండా నిమిషానికి రెండు డిగ్రీలకు మించకుండా ఉష్ణోగ్రతను సర్దుతూ, తేలిక నూనెకు మారతారు. చెన్నైలో బయలుదేరి మన తీరం వెంట వెళ్లినంతసేపూ ఆ ఓడకు 0.5 శాతం నూనె చాలు.